కళాశాలలలో యంత్రబోధన

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీనగరు కూడలివఱకు పోవువారికి మెట్రోరైలు వంతెన కిరుప్రక్కల గానవచ్చునది విద్యావాణిజ్యమే. జూనియరు కళాశాలలు, పోటీపరీక్షల కోచింగు సెంటర్లు, కంప్యూటరు శిక్షణశాలలు, వానిని నమ్ముకొన్న హాస్టళ్లు వరుసలు తీరియున్నవి. నల్లగొండ, మహబూబ్‌నగరు, ఖమ్మము ప్రాంతముల రైతులు పంటసొమ్ము దెచ్చి యిచ్చట ఫీజులుగా చెల్లించుచున్నారు. నేడు ప్రకటనపలకలపై "డిజిటల్ తరగతులు" అను మాట మెఱయుచున్నది. గోడకు తెరయు, విద్యార్థిచేత ట్యాబును ఉన్నంతమాత్రమున విద్య యబ్బునా? ఈ ప్రశ్నను తల్లిదండ్రులే వేయవలసియున్నదని మాయభిప్రాయము.

మేము యంత్రసాధనములను నిరసించువారము కాము. అవి మనకు క్రొత్తవియు కావు. 1975లో అమెరికా ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమయ్యెను. అందు తెలుగుపల్లెలును గలవు. 2004లో మనవారే విద్యకొఱకు ఎడ్యుశాట్ ఉపగ్రహమును శ్రీహరికోటనుండి ప్రయోగించిరి. 2017లో కేంద్రప్రభుత్వము 'స్వయం' పాఠముల నారంభించెను. 2021 నాటి యూజీసీ నిబంధనలప్రకారము ఒక సెమిస్టరులోని పాఠ్యాంశములలో నూటికి 40 వంతులవఱకు వానిద్వారా చదువుటకు కళాశాలలు అనుమతింపవచ్చును. మద్రాసు ఐఐటీ ఆచార్యుని యుపన్యాసమును పల్లెటూరి బీదవిద్యార్థి రూకయీయక వినగలుగుట సామాన్యలాభము కాదు.

అయినను సాధనము వేఱు, బోధన వేఱు. 2020 మార్చిలో కరోనావలన కళాశాలలు మూతపడగా హాస్టళ్లు ఖాళీయయ్యెను. విద్యార్థులు స్వగ్రామములకు మరలిరి. పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చెను. ఇంట ఒక్క ఫోను మాత్రమే గలవారును, సిగ్నలు కొఱకు మేడలెక్కినవారును వెనుకబడిరి. ఫోను గలవారును చూచినంత నేర్వలేదు. సందేహము వచ్చినచో తెర సమాధానము చెప్పదు. విద్యార్థి ముఖము చూచి, తెలియలేదని గ్రహించి, మరల చెప్పుట అధ్యాపకునికే సాధ్యము. స్వీడను వంటి సంపన్నదేశమే 2023లో తెరల వాడుక మితిమీఱెనని తలంచి పాఠశాలలలో అచ్చుపుస్తకములకై ధనము కేటాయించినది.

ఇంతకంటె ముఖ్యమైనది భాష. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో బోధింపదలచి, అంతకు ముందే 1917లో అనువాదశాలను స్థాపించి శాస్త్రగ్రంథములను సిద్ధపఱచుకొనెను. ఆ భాష యిచ్చటి ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష కాకపోవుట వేఱుమాట. పుస్తకము ముందు, తరగతి తరువాత అను క్రమము మాత్రము మెచ్చదగినది. 1968లో వెలసిన తెలుగు అకాడమి యీ త్రోవనే తెలుగున పాఠ్యగ్రంథముల నచ్చొత్తించెను. నేడు క్రమము తలక్రిందైనది. తెర ముందు వచ్చినది; పాఠమింకను రావలసియున్నది. 2021లో ఇంజనీరింగు విద్యను తెలుగున నేర్పుటకు ఏఐసీటీఈ అనుమతి నొసగినది. కొన్ని యుపన్యాసములు తెలుగులోనికి వచ్చినవి. అవి చాలవు. తెలుగుబడిలో చదివి వచ్చిన బాలుడు ఆంగ్లోపన్యాసమును పదిసార్లు త్రిప్పి చూచినను, మాటలు కంఠస్థమగునేకాని విషయము బోధపడదు.

కావున మేము కోరునవి మూడు. తెర కొనుటకు ముందు దానిని వాడు అధ్యాపకునికి శిక్షణయు, తగిన జీతమును, పాఠము సిద్ధపఱచుకొను తీరికయు నీయవలెను. ప్రభుత్వమును, విశ్వవిద్యాలయములును కలిసి ప్రతి శాస్త్రమునకు తెలుగు పాఠములను తయారుచేసి యెల్లర కుచితముగా నందీయవలెను. ఫోను లేని విద్యార్థికొఱకు ప్రతి కళాశాల గ్రంథాలయమున కంప్యూటర్లు సాయంకాలమువఱకు తెఱచియుంచవలెను.

తల్లిదండ్రులకును ఒక మనవి. పొలము తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ము చెల్లించుటకు ముందు తెరలెన్నియో లెక్కింపకుడు. అధ్యాపకులెందఱు, వారెంతకాలముగా నున్నారు, ప్రశ్నించిన విద్యార్థికి బదులు చెప్పువాడెవడు అని విచారింపుడు. విత్తనము మంచిదో కాదో అడుగక నాగలి రంగు చూచి సేద్యము చేయు రైతు మనలో లేడు. బిడ్డల చదువుపట్ల మాత్రము అట్లేల చేయవలెను?