రాతి సాక్ష్యము, నోటి సాక్ష్యము



మెదకు పట్టణమునకు బోయినవారు అచ్చటి పెద్ద క్రైస్తవ దేవాలయమును జూడక మరలి రారు. వెస్లియన్ మిషనుకు జెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్టు దొరగారు 1914లో పని ప్రారంభింపగా, 1924 డిసెంబరు 25వ తేదీన దానికి ప్రతిష్ఠ జరిగినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము చిత్రించిన మూడు రంగుటద్దముల కిటికీలు లోపల కలవు.

ఇంతవఱకు పుస్తకములలో దొరకును. కాని కఱవు దినములలో ఆకలిగొన్న పల్లెవాండ్రకు పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి యీ కట్టడమును లేపిరని పెద్దలు చెప్పుదురు. ఆ తట్టలు మోసినవారి పేర్లు పుస్తకములలో నెక్కడివి? వారు తమ యిండ్లలో చెప్పుకొన్న మాటలే మిగిలినవి. 2024తో ఆలయమునకు నూఱేండ్లు నిండినవి. నాటి కూలివారు గతించిరి. వారి మనుమరాండ్రును ముదుసళ్లైరి. ఆ మాటలను వ్రాసికొనుటకు మిగిలిన కాలము స్వల్పము.

ఈ పనికి గృహిణులే తగుదురు. అవ్వ ప్రక్కన గూర్చుండి బియ్యమేరుచు మాటాడింపగలవారు మనకంటె నెవరు? “గుడి యెప్పుడు గట్టిరి?” అని యడిగిన లాభము లేదు. “మీ నాయనమ్మ యే యూరినుండి పనికి వచ్చెను? కూలిగా నేమి కొలిచిరి? చంటిబిడ్డల నెవరు చూచిరి?” అని యడుగవలెను. ఆమె యనుమతి గైకొని, ఆమె మాటలలోనే వ్రాసి, తిరిగి చదివి వినిపింపవలెను.

గోపురమును గూర్చి రెండు కథలు కలవు. చార్మినారును మించి కట్టరాదని నిజాము ప్రభువు ఆంక్షించెనని యొకటి. మించియే కట్టిరని మఱియొకటి. రెండవ కథ నిజమో కాదో కొలతలతో సరిచూడవలసియున్నది. అట్లని దానిని కొట్టివేయరాదు. “ఇట్లు చెప్పుకొందురు” అని వ్రాసి, ప్రక్కనే కొలతయు వ్రాయవలెను. ఆ కథలో తమ చేతిపనిని గూర్చిన యూరివారి గర్వము కలదు.

ఇక ఛాయాపటములు. నేడు చేతి ఫోనుతోనే తీయవచ్చును. నాలుగు దిక్కులనుండి నాలుగు. తరువాత ద్వారము, నేల, కిటికీలు, శాసనములు, సమాధులు. శిలాక్షరములకు ఏటవాలుగా బడు ఉదయపు టెండ మంచిది. ప్రక్కన మనిషి నొకరిని నిలిపినచో పరిమాణము తెలియును. ప్రతి పటమునకు స్థలము, తేది, తీసిన దిక్కు పుస్తకమున వ్రాయుడు. పాత పెండ్లి పటములలో వెనుక గోడయో గంటయో కనబడిన, వానిని గూడ నకలు దీయుడు. ఆ పటము చేతికిచ్చిన ముసలమ్మకు మఱచిన మాటలు జ్ఞప్తికి వచ్చును.

మీ యూరిది చర్చియైనను, గుడియైనను, మసీదైనను పద్ధతి యిదియే. వ్రాసినదాని ప్రతి యొకటి ఆలయపు కార్యాలయమున నిచ్చి, ఒకటి మీ పెట్టెలో నుంచుకొనుడు. వచ్చు పండుగకు బంధువులు గూడినప్పుడు, ఇంటిలోని పెద్దామెతో నీ పని మొదలిడుడు.