పేరు పెట్టు హక్కెవరిది?

ఒక ప్రాంతమువారిని ఏ పేరున పిలువవలయుననుట చిన్న విషయముగా దోపవచ్చును. చరిత్ర మాత్రమట్లు చెప్పుట లేదు.

1800లో నిజాము ఆంగ్లేయ కుంపిణీకి ఒప్పగించిన సీమకు దత్తమండలములను పేరు పడెను. అది ఇచ్చినవారికిని పుచ్చుకొన్నవారికిని చెల్లిన పేరు. ప్రజల నెవ్వరు నడుగలేదు. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారి సూచనపై దానిని విడిచి 'రాయలసీమ' యను పేరు గైకొనిరి.

హైదరాబాదు రాజ్యమునందు 'తెలంగీ బేఢంగీ' యను వెక్కిరింపు తెలుగువాని చెవిని గ్రుచ్చుచుండెను. 1921లో రాజధానియందొక సభలో తెలుగున మాటాడబోయిన వక్తను గేలిచేయగా, ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను.

ఉద్యోగముల లెక్కకై దఫ్తరులలో పుట్టిన ముల్కీ, గైరుముల్కీ యను మాటలు 1952లో వీథుల కెక్కినవి. కాల్పులలో ప్రాణములు పోయినవి. హక్కు నడుగుట న్యాయమే. మనిషిని మాటతో వెలివేయుట వేరు.

ఈ భేదము మన ధారూరువారి కెఱుకపడవలయును. పొరుగు తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. పిమ్మట హైదరాబాదు, 1978లో రంగారెడ్డి, 2016లో వికారాబాదు జిల్లాలలో జేరెను. జిల్లాలు మారినవి, మనుష్యులు మారలేదు. వారి మాటలో కన్నడపు యాస వినబడినంతనే పరాయివారనుట తగునా? వెక్కిరింపు పడినవారమే వెక్కిరింతుమా?

పేరు పెట్టు హక్కు దానిని మోయువారిది. పొరుగువానిని వాడు కోరిన పేరున పిలుచుట మర్యాద మాత్రమే కాదు. స్వపరిపాలనకు తొలి పాఠము.