మొదటి వ్యాసానికి పట్టిన గ్రహణం

చూసింది రాయమని చెప్పి, రాస్తే మార్కులు కోస్తారా?

2019 డిసెంబరు 26 ఉదయం, ముదలియార్‌పేటలో మా వేపచెట్టు కింద నేలంతా వెలుగు నెలవంకలు. ఆకుల సందులే సూదిబెజ్జాలై పాక్షిక సూర్యగ్రహణాన్ని నేలమీద చూపించాయి. మా మనవరాలు వాటిని లెక్కపెడుతూ ఇడ్లీలు తింది.

తెలుగు క్లాసులో తన మొదటి వ్యాసం 'నేను చూసిన గ్రహణం'లో అదే రాసింది. మాస్టారు నెలవంకల్నీ ఇడ్లీలనూ కొట్టేసి, 'గ్రహణవేళ భుజింపరాదు' అని ఎర్రసిరాతో చేర్చారు. పైన 'చూసిన' అన్నమాట మాత్రం ఉంచారు! తిన్నందుకు పిల్లకేమైందో అడగనేలేదు. నేను రక్షణశాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. వోచరున్న పద్దు కొట్టేసి, లేనిది ఎక్కించినవాడికి మెమో ఇచ్చేవాళ్లం.

'వ్యాసమండీ, సైన్సు కాదు' అన్నారాయన. సైన్సు ఎవరడిగారు? పిల్ల చూసింది ఉంచమన్నాను, అంతే.

విద్యార్థుల వ్యాసాల్లో వాడుకభాష ఉండాలని గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రమే ఇచ్చారు. ఆ భాష చివరికి బడికొచ్చింది. ఆ భాషలో 'భుజింపరాదు' అని దిద్దే చెయ్యి మాత్రం కదల్లేదు.

మొదటి వ్యాసానికి పదికి మూడు. రెండోది పిల్ల గైడు చూసి రాసింది. తొమ్మిది వచ్చాయి.