ఈలలూ, బహుమతులూ

1977లో 'చిల్లరకొట్టు చిట్టెమ్మ' వచ్చినప్పుడు మాడా వెంకటేశ్వరరావుగారు నడుం తిప్పితే చాలు, హాలు దద్దరిల్లేది. నేల టిక్కెట్టులో ఈలలేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దాచడమెందుకు? ఆ నవ్వు హాల్లోనే ఆగిపోయిందా అంటే లేదు. పాపం, ఆయన ఇంటిపేరే వీధుల్లో తిట్టయి కూర్చుంది. మా పేటలో ఓ కుర్రాడు ఆ పిలుపు భరించలేక బడి మానేశాడు.

ఇప్పుడు అలాంటి పాత్రలకు బహుమతులొస్తున్నాయి. సంతోషమే! 2015లో 'నాను అవనల్ల అవళు'కి కన్నడ నటుడు సంచారి విజయ్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. 2021లో మన 'ఉప్పెన' రాయణం, అదేనండీ విజయ్ సేతుపతి, 'సూపర్ డీలక్స్'లో చీర కట్టి శిల్పగా నటించినందుకు ఉత్తమ సహాయ నటుడయ్యాడు. ఇద్దరూ అద్భుతంగా చేశారు, కాదన్నవాడు లేడు.

కానీ ఆ కన్నడ చిత్రానికి మూలం లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ. ఆవిడ స్వయంగా రంగస్థల నటి! బతుకు ఆవిడది, పతకం మగ నటుడిది. జ్యూరీని ఏమంటాం? వేషం ఎవరికిస్తే బహుమతి వాళ్ళకే. అడగాల్సింది వేషాలిచ్చేవాళ్ళని.

కేరళ ప్రభుత్వం స్త్రీలకూ, ట్రాన్స్‌జెండర్లకూ విడిగా ఓ అవార్డు పెట్టింది. 2022లో దాన్ని 'అంతరం' చిత్రానికి నేఘకు ప్రకటించారు. తమిళనాడు నుంచి వచ్చిన ట్రాన్స్ మహిళ ఆమె. ఆ వార్త చదవగానే మా పేట కుర్రాడు గుర్తుకొచ్చాడు.

'అంతరం' చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నాకో ఉత్తరం ముక్క రాయండి.