కప్పలు ఎక్కడ దొరుకుతాయని అడగకండి, మడిలో నీళ్ళు ఎన్నాళ్ళు ఉంటున్నాయో చూసుకోండి



మా వరి మడిలో రాత్రిపూట తీసిన కప్పల వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, కప్పలు ఎక్కడ దొరుకుతాయి? జత ఎంత? మేం కూడా తెచ్చి పొలంలో వదులుకుంటాం." చేపపిల్లలు, వానపాములు కొన్నట్టే కప్పల్ని కూడా కొనుక్కోవచ్చని అనుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు. పొలంలోకి ఏది కావాలన్నా కొని తేవడమే మనకి అలవాటైపోయింది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కప్పని కొనకూడదు, ఇంకోచోట పట్టి తేకూడదు, ప్రత్యేకంగా పెంచాల్సిన పని కూడా లేదు. పొలంలో ఒక మూల ఆరేడు వారాలు ఎండిపోకుండా, ఏ మందూ పడకుండా నీళ్ళు ఉంచితే అవే వస్తాయి. వినడానికి తేలికే. కానీ ఆచరణలో రసాయన రైతులే కాదు, ప్రకృతి వ్యవసాయం చేసే మనం కూడా తప్పుతున్నాం. నేనూ తప్పాను.

మూడేళ్ళ కింద వానాకాలం పంటలో జరిగింది. నాటు వేసి నెల దాటింది. ఆకుముడత కనిపిస్తే అగ్ని అస్త్రం కొట్టాను. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు గోమూత్రంలో మరిగించే కషాయం, మీ అందరికీ తెలిసిందే. మడిలో అప్పుడు రెండు అంగుళాల నీళ్ళున్నాయి. ట్యాంకులో మిగిలింది పారేసి, ట్యాంకు కూడా అక్కడే మూల మడిలో కడిగేశాను. రసాయనం కాదు కదా, ఏమవుతుందిలే అనుకున్నా. తెల్లారి వెళ్ళి చూస్తే ఆ మూలంతా తోకకప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. దోసిలి పెడితే దోసిలి నిండా వచ్చాయి. మా నాన్న చూసి ఒక్క మాటే అన్నాడు. "మందు మారింది గానీ, మన చెయ్యి మారలేదు కదరా."

వ్యవసాయ డిప్లొమాలో పురుగుల గురించి చాలానే చదివాను. ఏ పురుగు ఎన్ని గుడ్లు పెడుతుంది, ఏ దశలో కొట్టాలి, అన్నీ. ఆ పురుగుని తినే కప్ప ఏ దశలో ఎక్కడుంటుందో మాత్రం ఆ రోజు ఉదయం దాకా ఆలోచించలేదు. అందుకే ముందు దాని బతుకు ఎలా నడుస్తుందో చెబుతాను. అది తెలిస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే.

గుడ్డు నుంచి కప్ప దాకా

తొలకరి పడగానే బెకబెకమని అరిచేవి మగ కప్పలు. ఆడ కప్పల్ని పిలవడానికే ఆ అరుపు. మగది ఆడదాని వీపు మీద ఎక్కి గట్టిగా పట్టుకుంటుంది. ఆడది నీళ్ళలో గుడ్లు వదులుతుంటే మగది వాటి మీద వీర్యం వదులుతుంది. గుడ్డు ఫలించేది బయట నీళ్ళలోనే. కప్ప గుడ్లు జిగురు ముద్దలా ఉంటాయి. గరుకు చర్మం ఉండే గోదురు కప్ప గుడ్లు మాత్రం నల్లపూసల దండలా పొడుగ్గా ఉంటాయి. నీటి పైన కొమ్మకో గోడకో సబ్బు నురుగులాంటి ముద్ద కనిపిస్తే అది చెట్టుకప్ప గూడు. దాన్ని దులిపేయకండి. అందులోంచి పిల్లలు కింద నీళ్ళలోకి జారిపడతాయి.

మన వేడికి ఒకటి నుంచి మూడు రోజుల్లో గుడ్డు పగులుతుంది. బయటికొచ్చిన తోకకప్ప మొదట్లో గడ్డికి అతుక్కుని ఉంటుంది, తర్వాత పాచి గీక్కుని తింటూ పెరుగుతుంది. చేపలాగే మొప్పలతో గాలి పీలుస్తుంది. ముందు వెనక కాళ్ళు వస్తాయి, తర్వాత ముందు కాళ్ళు. తోక ఊడిపోతుందని చాలామంది అనుకుంటారు. ఊడదు, ఒంట్లోనే కరిగిపోతుంది. ఆ కొద్ది రోజులు అది తిండి సరిగా తినలేదు. పాచి తినే పొడుగాటి పేగు పురుగులు తినే పొట్టి పేగుగా మారుతుంటుంది. ఆ కరిగే తోకే దానికి తిండి.

ఇదంతా అయ్యేసరికి జాతిని, తిండిని, నీటి వేడిని బట్టి సుమారు నాలుగు నుంచి ఏడు వారాలు పడుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ముప్పయ్యో రోజున మీరు మడి పూర్తిగా ఎండబెట్టారంటే, ఇంకో పది రోజుల్లో గట్టెక్కాల్సిన పిల్లలన్నీ బురదలో ఎండిపోతాయి.

ఇంకో సంగతి. పెద్ద కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. గాలి కూడా కొంత చర్మం గుండానే తీసుకుంటుంది. అంటే నీళ్ళలో మీరు ఏది కలిపితే అది దాని ఒంట్లోకి పోతుంది. పొగాకులోని నికోటిన్ మనిషికే విషం. వేప కషాయం చిక్కగా నీళ్ళలో పడితే చేపలకీ, తోకకప్పలకీ ముప్పే. కషాయాలు వద్దని నేను అనడం లేదు, నేనూ వాడుతున్నాను. నీళ్ళు నిలిచిన మూలలో కొట్టకండి, ట్యాంకు మడిలో కడగకండి, అవసరం లేకపోయినా వారానికోసారి అని లెక్కపెట్టుకుని కొట్టకండి అంటున్నాను.

మరి శ్రీ వరి, తడి-పొడి పద్ధతి సంగతేంటి?

ఇది గట్టి ప్రశ్న. సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి మళ్ళీ తడి ఇస్తే నీళ్ళు మిగులుతాయి, వేర్లకి గాలి తగులుతుంది, పిలకలు బాగా వస్తాయి. బోరు మీద బతికే మనకి అది వదులుకునే పద్ధతి కాదు. కానీ తోకకప్పకి ఆ ఆరబెట్టడమే చావు. నీళ్ళు పొదుపు చేయాలా, కప్పల్ని కాపాడాలా అంటే రెండూ చేయొచ్చు. అందుకు కొంచెం నేల వదులుకోవాలి.

నేను చేసింది ఇది. మడిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంట తీశాను. ఒక వైపు ఏటవాలుగా ఉంచాను, పిల్ల కప్పలు ఎక్కి రావడానికి. మడి మధ్య నుంచి ఆ గుంటకి అడుగు వెడల్పు బోదె కలిపాను. మడి ఆరబెట్టేటప్పుడు తూము ఒక్కసారిగా తెరవను. నెమ్మదిగా నీళ్ళు దిగుతుంటే తోకకప్పలు వాటితో పాటే బోదెలోకి, గుంటలోకి చేరతాయి. గుంట చుట్టూ రెండు గజాల దాకా ఏ కషాయమూ కొట్టను. గట్టు మీద గడ్డి మొత్తం చెక్కేయను, ఒక వైపు వదిలేస్తాను. కింది వీడియోలో ఆ గుంట, బోదె రెండూ చూపించాను.

"అంత నేల పోతే వడ్లు తగ్గవా" అంటారు. ఆ గుంట పోయేది ఇరవై నాలుగు చదరపు అడుగులు. ట్రాక్టర్ తిరగని మూలల్లో మనం అంతకంటే ఎక్కువే వదిలేస్తున్నాం.

ఇదేదో నేను కనిపెట్టిన వింత కాదు. జపాన్‌లో తొయోఓకా అనే ఊరి రైతులు తోకకప్పలు కప్పలయ్యేదాకా వరి మడి ఆరబెట్టడం వాయిదా వేస్తారు. అక్కడి కొంగ జాతి ఒకటి 1971 నాటికి ఆ దేశపు అడవి నుంచి పూర్తిగా పోయింది. పెంచి 2005 నుంచి మళ్ళీ వదలడం మొదలుపెట్టారు. ఆ కొంగ బతకాలంటే మడిలో కప్పలుండాలి, కప్పలుండాలంటే నీళ్ళు నిలవాలి. అలా పండించిన బియ్యాన్ని కొంగ పేరు మీదే ఎక్కువ ధరకి అమ్ముకుంటున్నారు. మనం బియ్యం సంచి మీద "రసాయన రహితం" అని రాసుకుంటున్నాం. మన మడిలో ఏం బతుకుతోందో కూడా కొనేవాళ్ళకి చూపించగలిగితే ఆ మాటకి బలం వస్తుంది.

ఎక్కువగా అడిగే మిగతా ప్రశ్నలు

కప్పలుంటే పురుగు పోతుందా? పూర్తిగా పోదు. ఎవరైనా పోతుందని చెబితే నమ్మకండి. కప్ప కదిలేదాన్ని పట్టుకుంటుంది. ఆకుముడత రెక్కల పురుగు, మిడత, దోమ ఏదైనా తింటుంది. మనకి మేలు చేసే సాలీడుని కూడా తింటుంది, దానికి మిత్ర పురుగు, శత్రు పురుగు అని తేడా ఉండదు. సుడిదోమ ఉధృతంగా వచ్చినప్పుడు కప్పలొక్కటే ఆపలేవు. సాలీళ్ళు, తూనీగలు, పక్షులు, కప్పలు అందరూ కలిసి చేసే కాపలా అది. అందులో రాత్రి డ్యూటీ ఎక్కువగా కప్పది.

పాములు రావా? వస్తాయి, అబద్ధం చెప్పను. నీరుకట్టు పాము కప్పల కోసమే తిరుగుతుంది, దానికి విషం లేదు. నాగుపాము ఎలుకల కోసమూ వస్తుంది, కప్పల కోసమూ వస్తుంది. కప్పలు లేని పొలంలో కూడా ఎలుకలున్నంత కాలం పాములుంటాయి. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్తే టార్చి, బూట్లు తప్పనిసరి. ఇది కప్పలున్నా లేకపోయినా పాటించాల్సిందే.

పసుపు కప్పలు విషమా? తొలకరికి వాట్సాప్‌లో ఇది తప్పకుండా తిరుగుతుంది. విషం కాదు. బోదురు కప్పల్లో మగవి జతకట్టే రోజుల్లో పసుపు రంగులోకి మారతాయి, గొంతు పక్కన నీలం సంచులు ఉబ్బుతాయి. కొద్ది రోజుల్లో మళ్ళీ మామూలు రంగే.

గోదురు కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయా? రావు. పులిపిర్లు వేరే వైరస్ వల్ల వస్తాయి. అయితే గోదురు కప్ప కళ్ళ వెనక గ్రంథుల్లో విషపు పాలు ఉంటాయి. పట్టుకుంటే చేతులు కడుక్కోండి, కంట్లో పెట్టుకోకండి. కుక్క దాన్ని కరిస్తే నోట్లో నురగ వస్తుంది. ఆ నోరు నీళ్ళతో బాగా కడిగి, తేడాగా ఉంటే వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.

గుంటలో దోమలు పెరగవా? చేపలు వదలొచ్చా? గుంటలో నీటి పురుగులు, తూనీగ పిల్లలు ఉంటే దోమ పిల్లల్ని తింటూనే ఉంటాయి. గంబూసియా చేపలు మాత్రం వదలకండి. అవి కప్ప గుడ్లనీ, తోకకప్పల్నీ కూడా తినేస్తాయి. చేపల కుంట వేరే, కప్పల గుంట వేరే ఉండాలి.

ప్లాస్టిక్ షీటు వేసిన పంట కుంటలో కప్పలు చస్తున్నాయి, ఎందుకు? నునుపుగా ఉండే షీటు మీద ఎక్కలేక, ఈదీ ఈదీ అలసిపోయి చస్తాయి. పాత గోనె సంచులు కుట్టి గానీ, లావుపాటి కొబ్బరి తాడు గానీ గట్టు మీది నుంచి నీళ్ళలోకి వేలాడదీయండి. ఖర్చు ఏమీ లేదు.

ఎండాకాలం ఏమైపోతాయి? చాలా వరకు మట్టిలో, గట్టు బొరియల్లో, రాళ్ళ కింద కదలకుండా నిద్రలో ఉంటాయి. వాన పడ్డాక లేస్తాయి. అందుకే గట్లు మొత్తం తవ్వి పారేయడం, తగలబెట్టడం వద్దంటున్నాను.

కొనడం ఎందుకు వద్దంటున్నానంటే

ఒకప్పుడు మన దేశం కప్ప కాళ్ళని టన్నుల లెక్కన విదేశాలకి ఎగుమతి చేసింది. 1985లో మన బోదురు కప్పని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. 1987లో మన ప్రభుత్వం ఎగుమతే ఆపేసింది. అంటే కప్పకి ధర కడితే ఏమవుతుందో ఈ దేశం ఒకసారి చూసేసింది. ఇప్పుడు మంచి మనసుతోనే మనం జతకింత అని మొదలుపెడితే, ఎవడో పక్క ఊరి చెరువు ఖాళీ చేసి మనకి అమ్ముతాడు. పైగా ఇవి వన్యప్రాణి చట్టం పరిధిలోకి వచ్చే జీవులు. కప్పల చర్మానికి వచ్చే కైట్రిడ్ అనే బూజు తెగులు ప్రపంచంలో ఎన్నో జాతుల్ని తుడిచిపెట్టింది. కప్పల్ని చోటు మార్చడం దాన్ని మోసుకెళ్ళే దారుల్లో ఒకటి.

మా వైపు వాన రాకపోతే పిల్లలు రోకలికి కప్పని కట్టి, వేపాకులు చుట్టి కప్పతల్లి ఆట ఆడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు పోసేవాళ్ళు. చిన్నప్పుడు నేనూ తిరిగాను. కప్పని కట్టినందుకు ఇప్పుడు బాధే. కానీ ఆ నీళ్ళు పోయడం మాత్రం గుర్తుంది. వాన కావాలంటే ముందు కప్పకి నీళ్ళు పోయాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. మనం ఆ బిందెడు నీళ్ళు పొలం మూలన ఆరేడు వారాలు ఉంచితే చాలు.

నా తప్పు జరిగిన మరుసటి ఏడు గుంట తీశాను. మొదటి వానకి గోదురు కప్పలు వచ్చాయి, వారానికి చిన్న కప్పలు. నేను ఒక్కటీ తేలేదు. ఈసారి దమ్ము చేసేటప్పుడే మీరూ ఒక మూల తవ్వండి. గుడ్లు కనిపించిన తేదీ గోడ మీద రాసుకోండి. అక్కడి నుంచి ఏడు వారాలు ఆ మూలని ముట్టుకోకండి. తోక ఉన్న పిల్ల గట్టెక్కే రోజున ఒక చిన్న వీడియో తీసి పంపండి, అందరం చూద్దాం.