విమానం ఎక్కకముందే ఇవ్వాలి

విదేశీ విద్యా నిధికి ఎంపికైన విద్యార్థికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చేది రూ.20 లక్షలు. అందులో మొదటి పది లక్షలు ఆ దేశంలో దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపిన తర్వాత ఇస్తారు. మిగతా పది లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపిన తర్వాత. అక్కడికి చేరడానికి కావలసిన డబ్బును చేరాక ఇస్తామనడం ఏ లెక్కన సాయమవుతుందో ఈ నిబంధన రాసినవాళ్లే చెప్పాలి. కొల్లాపూర్ లాంటి చోట పేదింటి పిల్లలు ఈ పథకం దాకా ఎందుకు వెళ్లలేరో తేల్చడానికి కమిటీలు వేయనక్కర్లేదు. ఈ ఒక్క షరతు చదివితే చాలు. దాన్ని వెంటనే ఎత్తేయాలి.

కుటుంబ వార్షికాదాయం రూ.5 లక్షలు దాటకూడదన్నది అర్హత. అలాంటి ఇంటి బిడ్డకు అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిందనుకుందాం. యూనివర్సిటీ వీసాకు కావలసిన ఐ-20 పత్రం పంపాలంటే తొలి ఏడాది ఫీజుకూ, అద్దెకూ, తిండికీ సరిపడా సొమ్ము ఉన్నట్టు చూపించాలి. ఎంత పొదుపుగా చూసుకున్నా అది పాతిక, ముప్పై లక్షల దగ్గర తేలుతుంది. తండ్రి బ్యాంకుకు వెళ్తాడు. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే మేనేజరు ఆస్తి హామీ అడుగుతాడు. పెంట్లవెల్లి వైపు నాలుగెకరాల మామిడి తోట ఉందంటాడు తండ్రి. కొల్లాపూర్ మామిడికి హైదరాబాద్ మార్కెట్‌లో ఎంత పేరున్నా బ్యాంకులో ఆ తోట చెల్లదు. బాకీ తీరకపోతే కోర్టుకు వెళ్లకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలును బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే చదువు అప్పుకు ఆ భూమిని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు ముందుకు రావు. పట్నంలో డాబా ఇల్లో, రిజిస్టర్డ్ ప్లాటో ఉంటే కాగితాలు పట్టుకు రమ్మంటారు. ఆ రెండూ ఉన్నవాడు ఐదు లక్షల లోపు ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసులో ఎందుకు నిలబడతాడు? నిలబడేవాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే సంపాదకీయం.

ఇక మిగిలేది ఊళ్లో అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకు ఇరవై వేలు, మూడు రూపాయలకైతే ముప్పై వేలు. మొదటి వాయిదా ఏడాది ఆలస్యమైతే తక్కువ వడ్డీ లెక్కనే రెండు లక్షల నలభై వేలు గాలికి పోతాయి. ఈ నష్టాన్ని ఏ శాఖా తన పద్దులో రాసుకోదు. తండ్రి తల తాకట్టు పెట్టి కడతాడు, లేదా కొడుకు అక్కడ తరగతులు ఎగ్గొట్టి పెట్రోలు బంకులో దొంగచాటుగా పనిచేసి పంపుతాడు. వీసా నిబంధనల ప్రకారం ఆ పని దొరికిపోతే చదువుకే ముప్పు.

ఆలస్యం జరగదన్న భరోసా ఏమైనా ఉందా అంటే అదీ లేదు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద 2022 నుంచి పేరుకున్న బకాయిలు మూడు వందల కోట్ల రూపాయలు దాటాక గానీ, 2025 చివర్లో వాటి విడుదలకు సర్కారు కదలలేదు. కొందరు కోర్సు పూర్తి చేసి పట్టా తీసుకున్నా రెండో వాయిదా ముఖం చూడలేదు. జీవో రావడం వేరు, డబ్బు చేతికందడం వేరు అన్న సంగతి కొల్లాపూర్‌కు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లకు కొలువులిస్తామంటూ 1986లో వచ్చిన 98 జీవోను చేతపట్టుకుని ఇక్కడి కుటుంబాలు ఒక తరం మొత్తం ఆఫీసుల చుట్టూ తిరిగాయి.

అదే 2025లో ప్రభుత్వం విదేశీ విద్యా నిధి సీట్లు పెంచింది. బీసీ, ఈబీసీలకు 300 నుంచి 700కు, ఎస్సీలకు 210 నుంచి 500కు. మంచి నిర్ణయమే, కాదనం. అయితే ద్వారం వెడల్పు చేసి గడప ఎత్తు అలాగే ఉంచారు. పెరిగిన సీట్లు ముందుగా ఎవరికి దక్కుతాయి? పాతిక లక్షలు సర్దుబాటు చేసుకోగల హైదరాబాద్ శివారు కుటుంబానికా, సోమశిల రేవు దగ్గర పడవ నడిపే ఇంటికా?

ఎస్సీ, ఎస్టీల విద్యా నిధి ఎవరి పేరు మీద నడుస్తోందో ఆయన కథే చూడండి. 1913 జూన్‌లో యువ అంబేద్కర్ బరోడా సంస్థానంతో ఒప్పందం రాసుకున్నారు. నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఉపకార వేతనం. ఒప్పందం చేతిలో పడ్డాకే ఆయన ఓడెక్కారు, ఆ జూలైలో న్యూయార్క్‌లో దిగారు, 1915లో కొలంబియాలో ఎంఏ పూర్తి చేశారు. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ ఆయన్ను ‘ముందు నువ్వు అమెరికా చేరు, చేరినట్టు రుజువు పంపు, తర్వాత చూద్దాం’ అనలేదు. అన్నట్టయితే సతారా నుంచి వచ్చిన సుబేదారు కొడుకు బొంబాయి రేవు దాటేవాడు కాదు. ఆ ఉపకార వేతనం గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి వెనక్కి రావలసి వచ్చింది. తిరిగి వెళ్లడానికి మూడేళ్లు పట్టింది, అదీ సొంత జీతంలో మిగిల్చిన డబ్బుతో, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పుతో, కొల్హాపూర్ షాహూ మహారాజు చేయూతతో. (మన కొల్లాపూర్ కాదు, మహారాష్ట్రలోని కొల్హాపూర్. బయటివాళ్లు రెంటినీ కలిపేస్తుంటారు.) డబ్బు సమయానికి అందకపోతే ఎంతటి మేధకైనా ఏళ్లు వృథా అవుతాయని ఆయన జీవితమే చెబుతుంటే, ఆయన పేరిట పెట్టిన పథకం సరిగ్గా ఆ చోటే తప్పటడుగు వేయడం విడ్డూరం. నిజాం రాజ్యానికీ ఈ సంగతి తెలుసు. 1895లో పదహారేళ్ల సరోజినీ ఛటోపాధ్యాయను (తర్వాతి సరోజినీ నాయుడు) ఇంగ్లండ్ పంపింది నిజాం ఇచ్చిన ఉపకార వేతనమే.

ముందే డబ్బిస్తే విద్యార్థి వెళ్లకుండా వాడుకుంటే ఎలా అని అధికారులు అడుగుతారు. విద్యార్థి చేతికి ఇమ్మని ఎవరన్నారు? ఫీజు యూనివర్సిటీ ఖాతాలోకి నేరుగా పంపండి. విద్యార్థి చేరకపోతే యూనివర్సిటీ నుంచే వెనక్కి తెప్పించుకునేలా ముందే రాసుకోండి. కేంద్రం ఎస్సీలకు 1954-55 నుంచి నడుపుతున్న జాతీయ విదేశీ ఉపకార వేతనంలో ఫీజుతోపాటు విమాన ఛార్జీ, అమెరికా వెళ్తే ఏడాదికి 15,400 డాలర్ల నిర్వహణ భత్యం ఇస్తారు. చెల్లింపులు మన రాయబార కార్యాలయాల ద్వారా జరుగుతాయి. పద్ధతి అది. కేంద్రానికి కితాబు ఇవ్వడానికి మాత్రం లేదు. దేశం మొత్తానికి అందులో ఉన్నవి 125 సీట్లే. 2025 జూలైలో ఎంపికైన 106 మందిలో 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, మిగతావారికి నిధులుంటే ఇస్తామన్నారు. అడ్మిషన్ చేతిలో ఉన్నవాళ్లను అలా గాల్లో వేలాడదీయడం దేశ రాజధానికి తగిన పని కాదు.

మంజూరు పత్రం ముందే ఇవ్వడానికి ఖజానా నుంచి అదనంగా ఒక్క రూపాయి కూడా కదలదు. ప్రభుత్వ ముద్రతో ఇరవై లక్షల పత్రం చేతిలో ఉంటే ఐ-20కి చూపించాల్సిన సొమ్ములో ఆ మేరకు అదే రుజువు. తెచ్చే అప్పు అంత తగ్గుతుంది. ఇంత తేలికైన పని కూడా జరగకపోవడానికి కారణం, ఫాల్ సీజన్ దరఖాస్తులు తరచూ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తీసుకోవడం. అప్పటికి అమెరికాలో తరగతులు మొదలైపోయి ఉంటాయి.

సర్కారు సాయం ఒక్కటే దారి కాదు. పూర్తి ఖర్చు భరించే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఇక్కడి డిగ్రీ విద్యార్థుల చెవిన అవి పడకపోవడం మరో అన్యాయం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి, బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్లది. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండుస్‌కు ఆ షరతు లేదు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగానే దరఖాస్తు చేయొచ్చు, ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు రెండేళ్ల దాకా ఇస్తారు. గిరిజన విద్యార్థులకు కేంద్రం ఇచ్చే 20 విదేశీ ఉపకార వేతనాల్లో మూడు అత్యంత వెనుకబడిన తెగలకు కేటాయించినవి. నల్లమల చెంచులు ఆ కోవలోకే వస్తారు. అమరగిరిలో ఈ మూడు సీట్ల గురించి ఎంతమందికి తెలుసు? పట్టణంలోనే పాలమూరు విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉంది. అక్కడ ఒక గది, ఒక కంప్యూటరు, ఈ గడువులన్నీ తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ఐఈఎల్‌టీఎస్ ఒక్కసారి రాయడానికే పదిహేడు, పద్దెనిమిది వేలవుతుంది. జీఆర్‌ఈకి ఇంకా ఎక్కువ. గ్రూప్స్ శిక్షణకు స్టడీ సర్కిళ్లలో ఖర్చు పెడుతున్న ప్రభుత్వం ఈ రెండు పరీక్షల ఫీజును ప్రతిభ చూసి భరించలేదా?

జనం సొమ్ముతో పంపితే అక్కడే స్థిరపడిపోతారన్నది పెద్దమనుషుల పాత వాదన. పాలమూరు కూలీ మేస్త్రీ వెంట బొంబాయికి, పుణెకు మూట కట్టుకుని పోయినప్పుడు తిరిగొస్తాడా అని ఎవరూ అడగలేదు. బాగా చదివి వెళ్తున్న బిడ్డ దగ్గర మాత్రం హామీ కావాలంటున్నారు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. వారిలో సగానికి పైగా తెలుగు రాష్ట్రాలవాళ్లేనని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ చెప్పింది. వారిలో చాలామంది ఆస్తులమ్మో, అప్పు చేసో వెళ్లారు. వాళ్లనెవరూ ఆపడం లేదు. ఆగిపోతున్నది అమ్మడానికి ఏమీ లేనివాడొక్కడే. అంతగా అనుమానముంటే చీవెనింగ్‌లా రెండేళ్లు స్వదేశంలో పనిచేయాలన్న షరతు పెట్టండి, ఒప్పుకుని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ నియోజకవర్గం నుంచి గెలిచిన జూపల్లి కృష్ణారావు మంత్రివర్గంలో ఉన్నారు. సీటు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పి ఫొటో దిగడం కంటే, ఈ నిబంధన మార్పు కోసం సచివాలయంలో పట్టుబట్టడం ఆయన చేయగల మేలు. దరఖాస్తులు ఫిబ్రవరిలో పిలవాలి, మంజూరు పత్రాలు మే నెలాఖరుకు ఇవ్వాలి, మొదటి పది లక్షలు జూలైలో యూనివర్సిటీకి చేరాలి. వచ్చే ఫాల్ సీజన్‌కు ముందే ఆ జీవో వెలువరించాలి.