కమ్యూనిటీ కాలేజీ అని గట్టిగా చెప్పండి

ఈ వారం విభక్తుల గురించి రాస్తానని అన్నాను. రాయడం లేదు. కోపంగా ఉంది, ముందు అది రాస్తాను. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి.

నేను మస్కట్‌లో శుక్రవారాలు గుడిలో ప్రసాదం పంచే సేవ చేస్తానని మీకు తెలుసు. దొన్నెలో పులిహోర పెట్టి ఇచ్చేలోపు మనవాళ్ళు ఒక వార్త చెబుతారు, ఒక వార్త అడుగుతారు. సీబీఎస్ఈ రిజల్ట్స్ వచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న. "పిల్లకి ఎక్కడ వచ్చిందండీ?" ఒమన్‌లో ఈ ప్రశ్నకి బరువు ఎక్కువ. ఇక్కడ ఇండియన్ స్కూల్లో పన్నెండు అయ్యాక చాలామంది పిల్లలు దేశం దాటాల్సిందే. 1986లో తెరిచిన సుల్తాన్ కాబూస్ యూనివర్సిటీ ముఖ్యంగా ఒమానీ పిల్లల కోసం. ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి, కానీ మనవాళ్ళ చూపు ఎప్పుడూ ఇండియా మీదో అమెరికా మీదో.

మా మనవరాలు తొమ్మిదో క్లాసు దాకా ఇక్కడే చదివింది. తరువాత మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. ఈ ఏడు దానికి అక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో ఆనర్స్ ప్రోగ్రాంలో చోటు వచ్చింది. మార్కులు చూశారు, వ్యాసం రాయించుకున్నారు, తీసుకున్నారు. గుడిలో ఒకాయన అడిగారు. నేను ఏమన్నానో తెలుసా? "లాస్ ఏంజెలెస్‌లో పెద్ద యూనివర్సిటీ అండీ" అన్నాను. చేతిలో ప్రసాదం గరిట ఉంది, నోట్లో అబద్ధం ఉంది.

ఆ మాట తిరిగి తిరిగి ఎలా వెళ్ళిందో, నాలుగు రోజుల్లో దాని చెవిన పడింది. ఎప్పుడూ సగం ఇంగ్లీషులో మాట్లాడే పిల్ల ఆ రోజు మొత్తం తెలుగులో అడిగింది. "అమ్మమ్మా, నువ్వు ఎందుకు సిగ్గుపడ్డావు?" వాక్యంలో ఒక్క తప్పు లేదు. నాకు జవాబు రాలేదు.

ఆనర్స్‌కి తెలుగు మాట ఏమిటని ఆ రాత్రి నిఘంటువు తీశాను. గౌరవం అని ఉంది. నేను కాపాడుకోవాలని చూసింది గౌరవం కాదు, పరువు. ఈ రెండు మాటలూ ఒకటే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. (కొత్తగా నేర్చుకునేవాళ్ళు రెండూ విడిగా రాసుకోండి. పరువు పోతుంది, తీస్తారు, నిలబెడతారు. గౌరవం ఇస్తారు.)

సరే, ఇంతకీ మనం దాస్తున్నది ఏమిటి? అమెరికాలో మొదటి పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీ 1901లో ఇల్లినాయిలోని జోలియెట్‌లో మొదలైంది. దాని పేరు ఇప్పటికీ జోలియెట్ జూనియర్ కాలేజీ. జూనియర్ కాలేజీ! ఆంధ్రాలో ఇంటర్ చదివిన ప్రతివాళ్ళూ ఆ బోర్డు కిందనుంచి వెళ్ళినవాళ్ళే. అది వేరే చదువు, ఒప్పుకుంటాను. మన జూనియర్ కాలేజీ డిగ్రీకి ముందు, వాళ్ళది డిగ్రీలో మొదటి రెండేళ్ళు. కానీ ఆ మాట విని మనలో ఎవరూ తల దించుకోలేదు కదా.

కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రం వాళ్ళకి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లు వేసుకోండి, 1,380 డాలర్లు. రెండేళ్ళ తరువాత యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారవచ్చు. డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా లాంటి ఆరు యూసీ క్యాంపస్‌లు చెప్పిన షరతులు నెరవేరిస్తే సీటు ఖాయమని ముందే రాసి ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్ఏ అలా ఇవ్వవు. ఆనర్స్ పని అక్కడ కనిపిస్తుంది. శాంటా మోనికా కాలేజీ లాంటి చోట్ల ఆనర్స్ పూర్తి చేసినవాళ్ళ దరఖాస్తుని యూసీఎల్ఏ లెటర్స్ అండ్ సైన్స్ విభాగం ప్రత్యేకంగా చూస్తుంది. సీటు ఇస్తామని మాట కాదు, ముందు చూస్తామని మాట. ఇంజనీరింగ్‌కి కూడా ఇదే దారి అనుకుని చేరకండి, ముందు అక్కడి కౌన్సెలర్‌ని అడగండి. మస్కట్ నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్ళే పిల్లలకి ఆ 46 డాలర్ల లెక్క వర్తించదు, చాలా రెట్లు ఎక్కువ కట్టాలి. చాలా చోట్ల హాస్టల్ కూడా ఉండదు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులు. వీటి గురించి అడగండి, నేను కూడా కూర్చుని లెక్క వేస్తాను. కానీ గుడిలో ఎవరూ వీటి గురించి అడగరు. పేరు అడుగుతారు.

ఆనర్స్ క్లాసు అంటే చిన్న క్లాసు. ఎక్కువ చదవాలి, ఎక్కువ రాయాలి, టీచరు ఎదురుగా కూర్చుని వాదించాలి. మామూలు క్లాసులోనే టీచరుతో ఒప్పందం చేసుకుని అదనంగా పరిశోధన చేసే పద్ధతి కూడా చాలా కాలేజీల్లో ఉంది. మా పిల్ల ఇంట్లో తెలుగు నిలబడని కుటుంబాల గురించి రాస్తానంటోంది. ముందు మా ఇంటినే ప్రశ్నలు అడుగుతుందట. అడగనీ.

ఇప్పుడు నా కోపం. మన మధ్యే ఎన్ఆర్ఐ కోటాలో లక్షలు పోసి సీటు కొన్నవాళ్ళు ఉన్నారు. తప్పు అనడం లేదు, నా తమ్ముడే కొన్నాడు. వాళ్ళు స్వీట్లు పంచారు, నేను తిన్నాను. డబ్బుతో కొన్న సీటుకి స్వీట్లు, రాసి సంపాదించిన సీటుకి గుసగుసలు! ఏ లెక్క ఇది? "పాపం, డబ్బు ఇబ్బందేమో" అంటారు. డబ్బు చూసుకుని చదివించడం పాపం ఎప్పటినుంచి అయింది? అప్పు చేసి నాలుగేళ్ళు చదివి, ఆ అప్పు పదేళ్ళు తీర్చేవాళ్ళని చూసి ఎవరూ పాపం అనరు.

నాకు ఈ రోగం ఎక్కడ పట్టిందో తెలుసు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టే స్కూలు. ఏది పై మెట్టు, ఏది కింద మెట్టు అనేది అక్కడే నేర్చుకున్నాను. అరవై దాటాక ఆరేళ్ళ పిల్లల పక్కన కూర్చుని గుణింతాలు దిద్దాను. ఒక పాప నా 'ఋ' చూసి నవ్వి, తన పెన్సిల్‌తో సరిచేసింది. ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. మరి మనవరాలి విషయంలో ఎందుకు వేసింది?

పోయిన శుక్రవారం అదే ఆయన లైన్లోకి వచ్చారు. నేనే మొదలుపెట్టాను. "ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ. మా అమ్మాయి కూతురు చేరింది కమ్యూనిటీ కాలేజీలో." ఆయన వెనక ఇరవై మంది ఉన్నారు. ఆయన దొన్నె తీసుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. గిన్నెలు కడిగే వేళకి తిరిగి వచ్చి, చుట్టూ చూసి, మెల్లగా అడిగారు. "ఆ ఆనర్స్‌కి వ్యాసం ఎప్పటిలోగా పంపాలమ్మా? మావాడికి."

గట్టిగా అడగండి అన్నాను.